చీలమండ దగ్గర ఒక భాగహారం

గుండె రక్తనాళాల్లో పూడిక ఉన్న మనిషికి అదే పూడిక కాళ్లలోనూ ఉండవచ్చన్నది వైద్యులకు కొత్త సంగతేమీ కాదు. ధమని లోపలి పొరలో కొవ్వు చేరి గట్టిపడే జబ్బు ఒక్క అవయవంతో సరిపెట్టుకోదు. షుగరు తోడైతే అది మోకాలి కింది సన్నని ధమనుల మీద మరింత పడుతుంది. అయినా గుండెకు స్టెంటు వేయించుకున్న షుగరు రోగుల్లో చాలామందికి తమ కాళ్లకు రక్తం సరిగా అందడం లేదని తెలియదు. బొటనవేలి మీద పుండు మానక నల్లబడ్డ రోజున తెలుస్తుంది. ఆ జబ్బు అంత బాగా ఎలా దాక్కుంటుందో, దాన్ని పట్టుకునే ఒక చిన్న పరీక్షను ఎంత ఆలోచనతో అమర్చారో పక్కపక్కనే పెట్టి చూస్తే, ఆ పరీక్షను కల్పించినవాళ్ల నేర్పు మీద గౌరవం దానంతటదే పుడుతుంది.

ఈ సంగతి చెప్పుకోవడానికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తగిన చోట్లు. 2016 అక్టోబరు 11న వేరే జిల్లాలు కాకముందు ఇవన్నీ పాలమూరు, అంటే మహబూబ్‌నగర్ జిల్లాలోవే. పేదవాడి గుండె ఆపరేషన్‌కు ప్రభుత్వమే డబ్బు కట్టే ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో ప్రయోగంగా మూడు జిల్లాల్లో మొదలైంది. అనంతపురం, శ్రీకాకుళంతో పాటు మూడోది మహబూబ్‌నగరే. కాబట్టి స్టెంటు, బైపాస్ అన్న మాటలు ఇక్కడి పల్లెలకు ఏనాడో చేరాయి. మరోవైపు ఇది కాళ్ల కష్టం మీద బతికిన నేల. పాలమూరు లేబరు దేశమంతా తిరిగి ఆనకట్టలకు మట్టి మోసింది. గద్వాల చీర నేసే మనిషి గుంత మగ్గంలోకి కాళ్లు దించి పొద్దంతా చెక్కలు తొక్కుతాడు. నల్లమల లోయలోని సలేశ్వరం జాతరకు చైత్ర పున్నమి వేళ రాళ్ల దారిన నడిచే వెళ్లాలి. ఏటా వెళ్లే మనిషి ఒక ఏడు మానేస్తే ‘వయసైంది’ అనుకుంటారు. కాలి ధమని పూడిందేమో అన్న అనుమానం ఎవరికీ రాదు.

అనుమానం రాకపోవడానికి కారణాలు మూడు. మొదటిది నొప్పి స్వభావం. ధమని సగం ఇరుకైనా కూర్చున్న మనిషి పిక్కకు కావలసిన రక్తం అందుతూనే ఉంటుంది. నడక మొదలై కండరం అడిగేది పెరిగినప్పుడే కొరత బయటపడి, పిక్క పట్టేస్తుంది. ఆగి నిలబడితే కొద్ది నిమిషాల్లో సర్దుకుంటుంది. ఈ నొప్పిని పసిగట్టడానికి బ్రిటిష్ వైద్యుడు జెఫ్రీ రోజ్ 1962లో ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. మిట్ట ఎక్కితే వస్తుందా, త్వరగా నడిస్తే వస్తుందా, ఆగితే పది నిమిషాల్లో పోతుందా అని అడుగుతుంది. ప్రశ్నలు మంచివే. కానీ గుండె జబ్బు మనిషిని నర్సు ‘నడుస్తుంటే పిక్కలు గుంజుతున్నయా?’ అని అడిగితే వచ్చే జవాబు ‘ఏడ నడుస్త బిడ్డా, గడప దాటితెనే ఆయాసమొస్తది’ అని. ఆయాసం ముందే ఆపేస్తే పిక్క నొప్పిదాకా నడక సాగదు. గుండె జబ్బే కాలి జబ్బును మరుగుపరుస్తుంది.

రెండోది షుగరు నరాలకు చేసే హాని. పాదాల్లో స్పర్శ, నొప్పి తెలిసే నరాలు ఏళ్ల తరబడి మొద్దుబారతాయి. చెప్పు జారిపోయినా తెలియనివారికి రక్తం తగ్గిన నొప్పి ఏం తెలుస్తుంది? తిమ్మిర్లు, మంటలు ఉంటే అవన్నీ ‘షుగరు నరాలు’ అన్న ఖాతాలోకే పోతాయి. మూడోది గోడ గట్టిపడటం. ధమని గోడలో పొరలు మూడు. పూడిక చేరేది లోపలి పొరలో. షుగరు రోగుల్లో ఇది కాక, నడిమి కండర పొరలో సున్నం పేరుకునే మార్పు కూడా వస్తుంది. జర్మన్ వైద్యుడు మోంకెబర్గ్ 1903లో వర్ణించిన ఈ మార్పును పాదం ఎక్స్‌రేలో రెండు సమాంతర తెల్ల గీతలుగా చూడవచ్చు. ఇది దారిని మూయదు గాని, గొట్టాన్ని బిరుసు చేసి కొలతనే మోసం చేస్తుంది. దాని సంగతి ముందు ముందు వస్తుంది.

ఈ దాగుడు ఎంత పెద్దదో అమెరికాలో జరిగి 2001లో వెలువడిన పార్ట్‌నర్స్ అధ్యయనం చూపింది. 70 ఏళ్లు దాటినవారిని, 50 నుంచి 69 ఏళ్ల మధ్య ఉండి షుగరో పొగతాగే అలవాటో ఉన్నవారిని దాదాపు 7 వేల మందిని మామూలు క్లినిక్కుల్లోనే కొలిస్తే 29 శాతం మందిలో కాలి ధమని జబ్బు దొరికింది. వారిలో పుస్తకంలో రాసినట్టు పిక్కనొప్పి ఉన్నవారు సుమారు 11 శాతమే. మన పక్కన చెన్నైలో ఆసుపత్రికి వచ్చినవారిని కాక బస్తీల్లో ఉండేవారిని కొలిచిన అధ్యయనం 2000లో వెలువడింది. షుగరు ఉన్నవారిలో 6.3 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. ఎవరిని కొలిస్తే అంత అన్నమాట: వయసు, పొగాకు, గుండె జబ్బు చేరినకొద్దీ సంఖ్య పెరుగుతుంది. అడిగితే దొరకని జబ్బు కొలిస్తే దొరుకుతుందన్నది మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

కొలవడం ఎలా? చేతి దగ్గర రక్తపోటు ఎంత, చీలమండ దగ్గర ఎంత అని చూసి, రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తారు. అంతే పరీక్ష. ట్రావిస్ విన్సర్ అనే అమెరికన్ వైద్యుడు 1950లోనే ఈ పోలికను చూపించాడు. పైకి ఇంత తేలికగా ఉన్న భాగహారంలో నాలుగు తెలివైన ఎంపికలున్నాయి.

మొదటిది, పైనున్న రక్తపోటు అంకెనే తీసుకోవడం. జూరాల కాలువ నీళ్లు చివరి ఆయకట్టుకు పోయేసరికి సన్నబడినట్టే గుండెకు దూరమయ్యేకొద్దీ ఒత్తిడి తగ్గాలని మన బుద్ధికి తోస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ధమనిలో సగటు ఒత్తిడి కొద్దిగా తగ్గుతుంది కూడా. కానీ నాడి ఒక అల. పెద్ద ధమని నుంచి బిగువైన చిన్న ధమనుల్లోకి పోతూ, చివరనుంచి వెనక్కి తిరిగిన అలతో కలిసి, దాని శిఖరం పెరుగుతుంది. అందుకే వెల్లకిలా పడుకున్న ఆరోగ్యవంతుడి చీలమండ దగ్గర పై అంకె చేతికంటే 10, 15 మిల్లీమీటర్లు ఎక్కువే ఉంటుంది. మామూలు మనిషిలో భాగఫలం 1కి పైన ఉంటుంది గనుక, 1కి కిందికి దిగడమే హెచ్చరిక అవుతుంది.

రెండోది, చేతినే కొలబద్దగా పెట్టుకోవడం. గాభరా, ఉప్పు, మాత్రల వల్ల బీపీ గంటగంటకూ మారుతుంది. ఒక్క చీలమండ అంకెతో ఏదీ తేలదు. అదే మనిషి అదే నిమిషంలో ఇచ్చే చేతి అంకెతో భాగిస్తే ఆ మార్పులన్నీ పైనా కిందా కొట్టుకుపోతాయి. మిగిలేది దారిలో ఎక్కడైనా అడ్డు ఉందా అన్న ప్రశ్నకు జవాబొక్కటే.

మూడోది పట్టీ. ఇటలీ వైద్యుడు రివా-రోచి 1896లో చేతికి గాలి పట్టీ చుట్టి బీపీ కొలవడం మొదలుపెట్టాడు. ఆ పట్టీ మరీ సన్నమని, సన్న పట్టీ అంకెను ఎక్కువ చూపుతుందని 1901లో ఫాన్ రెక్లింగ్‌హౌసెన్ తేల్చి వెడల్పు చేశాడు. ఆ పాఠం నేటికీ వర్తిస్తుంది: పట్టీలోని గాలి సంచి వెడల్పు అవయవం చుట్టుకొలతలో కనీసం 40 శాతం ఉండాలి. 1905లో కోరోత్కోవ్ అనే రష్యన్ శస్త్రవైద్యుడు స్టెతస్కోపు పెట్టి వినే పద్ధతి ఇచ్చాడు. మోచేతి దగ్గర అది చక్కగా పనిచేస్తుంది. చీలమండ దగ్గర ధమనులు సన్నం, చప్పుడు స్టెతస్కోపుకు అందదు. అక్కడే నాలుగో ఎంపిక అవసరమైంది.

అది డాప్లర్. ఎదురొచ్చే వస్తువు నుంచి తరంగాలు దగ్గరదగ్గరగా, దూరమయ్యే వస్తువు నుంచి ఎడంగా వస్తాయని క్రిస్టియన్ డాప్లర్ 1842లో ప్రాగ్‌లో చెప్పాడు. అతని ధ్యాస జంట నక్షత్రాల రంగుల మీద. 1845లో డచ్ శాస్త్రవేత్త బైస్ బాలట్ రైలు మీద బాకా వాయించేవాళ్లను ఎక్కించి ధ్వనిలో ఆ మాట నిజమని నిరూపించాడు. 1950లలో జపాన్‌లోని ఒసాకాలో సతోమురా దాన్ని అల్ట్రాసౌండ్‌తో కలిపి గుండె, నాళాల కదలిక మీద పెట్టాడు. 1960లలో సియాటిల్ పరిశోధకులు, వారిలో ముఖ్యంగా శస్త్రవైద్యుడు యూజీన్ స్ట్రాండ్‌నెస్, దాన్ని కాలి ధమనుల జబ్బుకు పనిముట్టుగా మలిచారు.

పెన్నంత ఉండే ఆ పరికరం కొనలో రెండు చిన్న స్ఫటికాలుంటాయి. కరెంటు తగిలితే ఒకటి కంపించి సెకనుకు సుమారు 80 లక్షల కంపనాల ధ్వనిని, అంటే 8 మెగాహెర్ట్జ్‌ను, ఎడతెగకుండా పంపుతుంది. రెండోది తిరిగొచ్చే ధ్వనిని అందుకుని మళ్లీ కరెంటుగా మారుస్తుంది. కదలని కండ నుంచి వచ్చే ధ్వని పంపినట్టే తిరిగొస్తుంది. కదిలే రక్తకణాల నుంచి వచ్చేది కాస్త మారి వస్తుంది. యంత్రం పంపినదాన్నీ వచ్చినదాన్నీ కలిపి తేడా ఒక్కటే మిగుల్చుతుంది. ఆ తేడా ఎంతో లెక్కకట్టి చూస్తే దీని అందం తెలుస్తుంది. రక్తం సెకనుకు 40 సెంటీమీటర్ల వేగంతో పోతూ, పెన్ను 60 డిగ్రీల వాలులో ఉంటే, శరీరంలో ధ్వని వేగం సెకనుకు 1,540 మీటర్లు కాబట్టి, తేడా సెకనుకు సుమారు 2,080 కంపనాలు. మన చెవి బాగా వినగలిగే శ్రుతుల్లో అదొకటి. 80 లక్షల కంపనాల ధ్వని చెవికి అందదు, రక్తం పారే చప్పుడు పైకి రాదు. రెంటి మధ్య తేడా మాత్రం సరిగ్గా మనిషి చెవి పరిధిలో పడుతుంది. అందువల్ల తెర అక్కర్లేదు, ఒక చిన్న స్పీకరు చాలు.

దవాఖానల్లో కడుపులో బిడ్డ గుండె చప్పుడు వినే డాప్లర్ ఉంటుంది కదా, అదే వాడితే సరిపోదా? సరిపోదు. లోతుగా ఉన్న గర్భం దాకా పోవడానికి దాన్ని 2, 3 మెగాహెర్ట్జ్‌కు చేస్తారు. చర్మం కిందే ఉన్న సన్నని ధమనికి 8 నుంచి 10 కావాలి. పౌనఃపున్యం పెరిగితే లోతు తగ్గుతుంది, సున్నితం పెరుగుతుంది. పాదం దగ్గర కావలసిందీ అదే.

ఇక పని. చేయి తిరిగిన నర్సు దీన్ని చేస్తుంటే ఒక్క కదలికా వృథాగా ఉండదు. ‘తాతా, చెప్పులిడిచి ఎల్లెలుకల పండుకో, కొద్దిసేపు మాట్లాడకు’ అని 5 నుంచి 10 నిమిషాలు ఆగుతుంది. పడుకోబెట్టడం మర్యాద కోసం చేసేది కాదు. నిలబడితే, కూర్చుంటే చీలమండ గుండెకంటే కిందుంటుంది, ఆ ఎత్తు నెత్తుటి బరువు అంకెలో కలిసి అబద్ధం చెబుతుంది. తలా మడమలూ మంచానికి ఆనాలి. అంతకుముందు రెండు గంటలు బీడీ, చుట్ట, సిగరెట్ ఉండకూడదు. గది మరీ చల్లగా ఉంటే చర్మపు నాళాలు ముడుచుకుంటాయి. పాదంలో తెరిచిన పుండుంటే పట్టీకి అంటకుండా నీరు దిగని గుడ్డ చుట్టాలి. కాలికి బైపాస్ జరిగి కొత్త నాళం పట్టీ కింద ఉంటే అక్కడ బిగించకూడదు, అది మూసుకుపోవచ్చు.

పట్టీ కింది అంచు చీలమండ ఎముక ఉబ్బుకు రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి. చీలమండ లోపలివైపు ఎముక వెనక ఒక ధమని, పాదం పైన బొటనవేలికి, రెండో వేలికి మధ్య గాడిలో మరొకటి. పాదం పైని నాడి కొందరికి పుట్టుకతోనే చేతికి తగలదు. అందుకే వేలితో నాడి చూసి తేల్చేయడం చాలదు, రెండు ధమనులనూ విడివిడిగా వినాలి. చర్మం మీద జెల్ రాయాలి. పెన్నుకూ చర్మానికీ మధ్య గాలి ఉంటే ధ్వని అక్కడే తిరిగిపోతుంది. పెన్నును నిటారుగా పెడితే తేడా సున్నా, స్పీకరు మూగ. 45 నుంచి 60 డిగ్రీలు వాల్చి, వేళ్లతో నొక్కకుండా, అటూ ఇటూ మిల్లీమీటరు మిల్లీమీటరు జరుపుతూ చప్పుడు స్పష్టంగా వచ్చిన చోట చేతిని కదలనీయకుండా నిలపాలి. ఈ నిలపడంలోనే నేర్పంతా ఉంది.

చప్పుడు దొరికాక మరో చేత్తో పట్టీకి గాలి కొడతారు. చప్పుడు ఆగిన అంకెకు ఇంకో 20 కలిపి ఆపి, మెల్లగా గాలి వదులుతారు. మొదటి చప్పుడు తిరిగొచ్చిన క్షణంలో ఉన్న అంకె ఆ ధమని పై ఒత్తిడి. 300 దాకా కొట్టినా చప్పుడు ఆగకపోతే అక్కడితో ఆపాలి. వరసకూ ఒక పద్ధతి ఉంది: ఒక చేయి, అదే పక్క కాలిలో రెండు ధమనులు, అవతలి కాలిలో రెండు, చివరకు అవతలి చేయి. మొదటి చేతి అంకె రెండో చేతికంటే 10కి మించి ఎక్కువైతే, తొలి గాభరా దాన్ని పెంచిందేమోనని మళ్లీ కొలుస్తారు. మనిషి మనసు కూడా లెక్కలో చేరిన పద్ధతి ఇది.

లెక్క ఇలా ఉంటుంది. కుడిచేయి 138, ఎడమచేయి 144 అనుకుందాం. పెద్దది 144 కింద ఉంటుంది. కుడికాలి రెండు ధమనుల్లో 98, 104, పెద్దది 104. భాగిస్తే 0.72. ఎడమకాలిలో పెద్దది 148, భాగిస్తే 1.03. 1.00 నుంచి 1.40 దాకా మామూలు. 0.91 నుంచి 0.99 అంచు. 0.90, అంతకు తక్కువైతే ధమని జబ్బు ఉన్నట్టు. 0.40కి దిగితే తీవ్రం. ఈ మనిషికి కుడికాలి దారిలో అడ్డు ఉంది, అతను ఒక్క రోజూ నొప్పి అనకపోయినా.

మరి పైన చెప్పిన సున్నం? గోడ బిరుసైన ధమనిని పట్టీ నొక్కలేదు. ఎంత గాలి కొట్టినా చప్పుడు ఆగదు, లేదా బాగా ఆలస్యంగా ఆగుతుంది. భాగఫలం 1.40 దాటుతుంది. కొన్నిసార్లు లోపల పూడికా, గోడలో సున్నమూ కలిసి 1.1 లాంటి మంచి అంకెగా కనిపిస్తాయి. షుగరు రోగిలో అసలు ప్రమాదం ఇదే. ఈ పరీక్షలో నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది, తన లోపానికి తనలోనే దారులు పెట్టుకోవడం.

ఒక దారి చెవి. ఆరోగ్యంగా ఉన్న కాలి ధమనిలో ప్రతి నాడికీ రక్తం ముందుకు దూకుతుంది, క్షణం వెనక్కి తగ్గుతుంది, మళ్లీ కాస్త ముందుకు జరుగుతుంది. స్పీకరులో అది మూడు ముక్కల చప్పుడు. పైన ఎక్కడో అడ్డు ఏర్పడితే వెనకడుగు పోయి, చివరకు ఒకే మందపు ఊపు మిగులుతుంది. గోడ బిరుసైతే ఒత్తిడి అంకె తప్పుతుంది గాని, ప్రవాహపు తీరు అంత తేలికగా అబద్ధం చెప్పదు. అంకె బాగుండి చప్పుడు ఒక్క ముక్కగా వస్తే శిక్షణ పొందిన చెవి అక్కడే ఆగుతుంది. రెండో దారి బొటనవేలు. వేలి చిన్న ధమనులకు సున్నం అంతగా పట్టదు. సుమారు రెండున్నర సెంటీమీటర్ల చిన్న పట్టీ చుట్టి, కోవిడ్ రోజుల్లో అందరి వేలికీ తగిలించిన ఆక్సీమీటరు నియమంతోనే, వెలుగు ద్వారా రక్తపు కదలికను చూస్తారు. వేలి ఒత్తిడిని చేతి ఒత్తిడితో భాగిస్తే 0.70కి తగ్గకూడదు. వేలిలో ఒత్తిడి 30కి దిగితే పుండు మానే అవకాశం బాగా తగ్గిపోతుంది.

మూడో దారి నడక. విశ్రాంతిలో 0.95 వచ్చి అనుమానం మిగిలితే ట్రెడ్‌మిల్ మీద నడిపించి వెంటనే మళ్లీ కొలుస్తారు. అడ్డు ఉన్న కాలిలో అంకె పడిపోతుంది. ట్రెడ్‌మిల్ లేని చోట, గుండె బలం చూసుకుని, గోడ పట్టుకుని మునివేళ్ల మీద లేచి దిగమంటారు, 50 సార్ల దాకా. పిక్క కండరానికి కావలసిన పని అదే. యంత్రం లేని లోటును శరీర నిర్మాణం తెలిసిన ఆలోచన తీర్చింది.

అంకె దొరికితే ఏం మారుతుంది? గుండె రోగి ఆస్పిరిన్, స్టాటిన్ ఎలాగూ వాడుతూనే ఉంటాడు కదా అనిపించవచ్చు. రెండు చోట్ల ధమని జబ్బు ఉన్నవాడికి గుండెపోటు, పక్షవాతం ముప్పు ఒక్క చోట ఉన్నవాడికంటే ఎక్కువ. కాబట్టి డాక్టరు కొవ్వును ఇంకా కిందికి దించుతాడు, బీడీ మానడాన్ని గట్టిగా పట్టుకుంటాడు. రక్తస్రావం ముప్పు తక్కువున్నవారికి ఆస్పిరిన్‌తో పాటు రోజుకు రెండుసార్లు 2.5 మిల్లీగ్రాముల రివరాక్సబాన్ ఇస్తే మేలని 2017లో కంపాస్ పరిశోధన చూపింది. ఎవరికివ్వాలో తేల్చేది డాక్టరే. నడకను మందుగా రాస్తారు: పిక్క పట్టేదాకా నడవడం, ఆగడం, మళ్లీ నడవడం, వారానికి మూడుసార్లు, మూడు నెలలు. ఇక పాదం: ఎండిన చేలో చెప్పుల్లేకుండా నడవకపోవడం, మడమ పగుళ్లు, వేళ్ల సందులు రోజూ చూసుకోవడం, కాయను బ్లేడుతో కోసుకోకపోవడం. రక్తం తక్కువున్న పాదమని ముందే తెలిస్తే చిన్న పుండు కూడా వారం ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్తుంది.

వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు చూసే పనిని ఆశ కార్యకర్తలు, ఏఎన్ఎంలు ఊళ్లలో చేస్తున్నారు. బీపీ పట్టీ వాళ్ల చేతికి కొత్త కాదు. కొత్తగా చేరాల్సింది ఒక పెన్నంత డాప్లర్, ఒక జెల్ సీసా, వాలు పట్టి చేయి నిలిపే శిక్షణ. పెద్ద యంత్రం అక్కర్లేని ఈ కొలత నేర్చుకునే చేతి మీదే ఆధారపడుతుంది, ఆ చేతిని తయారుచేయడం బోధనాసుపత్రి పనే. షుగరు, గుండె జబ్బు రెండూ ఉన్న మనిషి కేసుషీటులో ఈసీజీ పక్కన కుడికాలు, ఎడమకాలు అని రెండు అంకెలకు గడి గీస్తే, నొప్పి చెప్పని కాలి సంగతి కూడా డాక్టరు చేతికి అందుతుంది.